రాగి తీగ చుట్టిన స్కేలు

బాపు పోయి పదకొండు నెలలైంది. పోయిన వారం లక్సెట్టిపేటలో మా ఇంటి వెనక రేకుల కొట్టం విప్పుతుంటే మా అవ్వ, అంటే అమ్మ, ఫోన్ చేసి, బాపు పెట్టెకు చెదలు పట్టకముందే వచ్చి తీసుకుపొమ్మంది. కరీంనగర్‌లో పొద్దున బస్సెక్కి పోయాను. పెట్టె మూత తీయగానే టేకు పొట్టు, లక్క, తేనెమైనం కలిసిన వాసన వచ్చింది. ఉలులు, మందం కొలిచే రెండు కాళ్ళ కాలిపర్లు, మైనం ముద్దలు పెట్టుకునే పాత పౌడర్ డబ్బా, అన్నీ ఆయన సర్దినట్టే ఉన్నాయి. అడుగున ధోవతి గుడ్డలో చుట్టి రెండడుగుల ఇనుప స్కేలు ఉంది. దాన్ని వెంటనే గుర్తుపట్టాను. కానీ దాని ఒక కొసకు రాగి తీగ చుట్టి ఉంది. ఏడెనిమిది చుట్లు, పక్కపక్కనే, సందు లేకుండా. అట్లా చుట్టడం బాపుకే వచ్చు. నేను ఆ స్కేలు వాడినప్పుడు ఆ తీగ లేదు. స్కేలు చేతిలో పట్టుకుని, ఆ విప్పిన రేకుల మధ్యనే కూర్చుండిపోయాను.

ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. అక్షరాలు తప్పు పోతే ఎవరైనా సరిచేస్తారు. కొలతలు మాత్రం ఈసారి సరిగ్గా రాస్తాను.

మా బాపు పేరు నర్సయ్య. తలుపులు, మంచాలు చేసే వడ్రంగి పని ఆయనది కాదు. ఫౌండ్రీకి ప్యాటర్న్‌లు చేసేవాడు. ఇనుముతో ఏ వస్తువు పోయాలన్నా ముందు అదే ఆకారం కట్టెతో చెయ్యాలి. దాన్ని ఇసుకలో గట్టిగా అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ కట్టె ఆకారమే ప్యాటర్న్. ఇందులో ఒక కిటుకుంది. కరిగిన ఇనుము చల్లారితే దగ్గరికి ముడుచుకుంటుంది. అడుగుకు ఒక సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గిపోతుంది. అందుకని ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా ప్యాటర్న్ పనివాళ్ళకు వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని ఉన్నది నిజమైన అడుగు కంటే సూత్ పొడుగు. గీతలు, అంకెలు అన్నీ మామూలుగానే ఉంటాయి, పక్కన ఇంకో స్కేలు పెడితే తప్ప తేడా తెలియదు. మా ఇంట్లో రెండూ ఉండేవి. సరైన స్కేలు పెట్టెలో ఉండేది, పోత పోసి వచ్చిన సామాను సరిచూసేటప్పుడే బయటికి వచ్చేది. రోజూ పనికొచ్చే ఆ పొడుగు స్కేలు, మేము ఇనుము స్కేలు అనేది, మాత్రం తలుపు పక్కన మేకుకు వేలాడేది. అందుకని ఇంట్లో అందరి చేతికీ అందేది అదే. నా పలక మీద గీతలు దాంతోనే గీశాను. తలుపు చెక్క మీద మా ఎత్తులు దాంతోనే కొలిచారు. ఎవరైనా జాకెట్ గుడ్డ కొలవమని వస్తే అవ్వ దాంతోనే కొలిచి ఇచ్చేది. అది ఇనుము స్కేలని నాకు చిన్నప్పుడే బాపు చెప్పాడు. చెప్పలేదని అనను. కానీ మా ఇంట్లో అడుగంటే ఆ అడుగే. లోకంలో అడుగు అంతకంటే పొట్టిదని రోజూ ఎవరు తలచుకుంటారు?

అవ్వ బీడీలు చుట్టేది. ఇప్పటికీ చుడుతుంది. తడిపిన తునికాకు గోనెసంచిలో మగ్గిన వాసన, తంబాకు ఘాటు, బాపు చెక్కే టేకు వాసన, ఈ మూడూ కలిస్తే నాకది ఇల్లు. బడి మానేశాక నేను ఒక పూట అవ్వ దగ్గర రేకు ముక్క పెట్టి ఆకు కత్తిరించేదాన్ని, ఇంకో పూట బాపు దగ్గర ప్యాటర్న్‌లకు ఇసుక కాగితం పట్టేదాన్ని. ఆకులో లావు ఈనె ఉంటే చుట్ట సరిగా తిరగదని అవ్వ దాన్ని కత్తెర మొనతో గీకి తీసేది. బాపు నున్నగా వచ్చిందా లేదా అని కళ్ళతో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని బొటనవేలు మెల్లగా జరిపేవాడు. ఎక్కడో ఆగేది. అక్కడ ఇంకోసారి పట్టమనేవాడు. నాకేమీ కనిపించేది కాదు, అయినా పట్టేదాన్ని.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఫౌండ్రీ సేటుతో పాటు కరీంనగర్ నుంచి మధుకర్ సార్ అని ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆయనకు కంప్యూటర్‌లో డిజైన్లు చేసే చిన్న ఆఫీసుండేది. ఇకమీదట ప్యాటర్న్‌లు కట్టెతో కాదు, కంప్యూటర్‌లో గీసి, హైదరాబాద్‌లో మెషీన్ మీద కోయించి అల్యూమినియంతో చేయిస్తామని సేటు చెప్పాడు. బాపు సరేనన్నాడు. నేను అప్పుడు ఒక పంపు మూతకు అట్టముక్క కత్తిరించి, దాని వంపుకు సరిగ్గా ఆనించి చూస్తున్నాను. సార్ ఆ అట్టముక్క తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఇదే పని నా దగ్గర డిప్లొమా పిల్లలకు నెల రోజులు చెప్పినా రావట్లేదు, ఈ అమ్మాయిని పంపండి అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. ఇంగ్లీషు రాని పిల్ల ఆ డబ్బా ముందర కూర్చుని ఏం చేస్తుందని అడిగింది. బాపు నా వైపు చూసి, నా గురించి నాకు కూడా తెలియని మాట చెప్పాడు.

“పోతది. దాని వేలుకు తెలుస్తది.”

అట్లా కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆదివారం బస్సెక్కి జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి ఇంటికి వచ్చేదాన్ని. ఆఫీసులో నాతో పాటు ముగ్గురు మగపిల్లలు, అందరూ చదువుకున్నవాళ్ళు. నేను మెనూలు చదవలేక గుర్తులు బొమ్మలతో పెట్టుకున్నాను. రెండు గీతల మధ్య తోలు లాంటి పలుచని పొర పరిచే గుర్తును చాప అనేదాన్ని, అడ్డమున్నది కోసేదాన్ని కత్తెర అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. అక్కా, జర నీ చాప మా దిక్కు గూడ పరువు అనేవాళ్ళు. సార్ నవ్వేవాడు కాదు. ఆయన నేర్పే పద్ధతి ఒక్కటే. కొత్తగా ఏదీ చెయ్యనిచ్చేవాడు కాదు. ఎవరో చేసిపెట్టిన మోడల్ ఒకటి తెరిచి, ఎట్లా చేశారో చెప్పకుండా, పక్కనే అలాంటిదే నన్ను చెయ్యమనేవాడు. మొదట చెంబు, తర్వాత ఇస్త్రీ పెట్టె పిడి, తర్వాత హెల్మెట్. చేశాక నాదాన్ని తెచ్చి వాళ్ళదాని మీద పెట్టేవాడు. వాళ్ళది పసుపు, నాది నీలం. ఎక్కడ నాది ఉబ్బితే అక్కడ నీలం తేలేది, ఎక్కడ లోతైతే అక్కడ పసుపు. రెండూ సరిగ్గా కలిస్తే పాత గోడలా మచ్చలు మచ్చలుగా కనిపించాలి. ఆ మచ్చల కోసం చెంబు మీద పద్దెనిమిది రోజులు కూర్చున్నాను.

సర్ఫేస్ అంటే మందం లేని తోలు అని సార్ మొదటి రోజే చెప్పాడు. మిగతా పిల్లలకు అది తలకెక్కలేదు, గట్టి ముద్దలు చేసి చెక్కబోయేవాళ్ళు. నాకు మాత్రం అవ్వ చేతిలో తిరిగే ఆకు గుర్తుకొచ్చింది. నేను చేసే తప్పు వేరే. భయంతో గీతలు ఎక్కువ వేసేదాన్ని. ఎన్ని గీతలు పెడితే అంత సరిగా వస్తుందనుకునేదాన్ని, తోలు ముడతలు పడేది. సార్ ఒక్కో గీతా తీసేయించేవాడు. లావు ఈనె తీసేసిన ఆకులా అప్పుడు అది తిరిగేది. నున్నగా ఉందో లేదో చూడడానికి ఆయన స్క్రీన్ మీద నలుపు తెలుపు చారలు వేసేవాడు. తోలు సరిగా ఉంటే చారలు ఒక ముక్క మీది నుంచి ఇంకో ముక్క మీదికి ఆగకుండా పోతాయి. మడత ఉంటే అక్కడ చార విరుగుతుంది. ఒకసారి బాపు ఏదో పని మీద కరీంనగర్ వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. సార్ లోపలికి పిలిచి నా హెల్మెట్ చూపించాడు. చారలు వెయ్యలేదు, ఉత్త ఆకారం. బాపు చాలాసేపు చూసి, ముట్టుకోకుండా వేలు చూపించాడు.

“గీడ ఆగింది.”

సార్ చారలు వేశాడు. అక్కడే విరిగి ఉన్నాయి. ఆ రోజు తర్వాత మగపిల్లలు చాప గురించి మాట్లాడలేదు.

ఆరు నెలలు గడిచాక అసలు పని వచ్చింది. గోదావరి ఒడ్డున పొలాలకు నీళ్ళు తోడే పెద్ద పంపు ఒకటి ఉండేది. దాని లోపల నీటిని విసిరే చక్రాన్ని మేము పంకా అనేవాళ్ళం. వంపు తిరిగిన ఆరు రెక్కలు, పదహారు అంగుళాలు. దాని ప్యాటర్న్ ఏనాడో బాపు చేసిందే. ఆ వానాకాలం ఫౌండ్రీ షెడ్డులోకి నీళ్ళొచ్చి ప్యాటర్న్ నాని, అతుకులు విడిపోయాయి. బాపు వారం రోజులు కూర్చుని దాన్ని మళ్ళీ ఆరబెట్టి అతికించాడు. అప్పటికి ఆయన సన్న గీతలు సరిగా ఆనక ముఖం పక్కకు తిప్పి చూసేవాడు. సేటు అది గమనించాడు. ఈ ఒక్కసారి నర్సయ్య ప్యాటర్న్ చూసి కంప్యూటర్‌లో చెయ్యండి, నాట్లలోపు పంకా పంపులో ఎక్కాలి అని సార్‌తో అన్నాడు. సార్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఇది కుదిరితే నన్ను పనిలో పెట్టుకుంటాడు. కుదరకపోతే చదువు రాని పిల్లను నమ్మి చెడిపోయాడని సేటు అంటాడు, ఆ తర్వాత తాను కూడా ఏమీ చెయ్యలేడు. అంటే నేను మళ్ళీ తునికాకు ముందుకే. అవ్వ పని నాకు చిన్నతనం కాదు. కానీ ఆ చారలు ఆగకుండా పోవడం చూశాక ఇంకో పని మీద నాకు మనసు లేదు.

ప్యాటర్న్ ఇంటికి తెచ్చుకున్నాను. బయటి వంపులు అట్టముక్కలతో అందాయి. రెక్కల మధ్య లోపలి వంపు అందలేదు. రెండు రోజులు తిప్పి తిప్పి చూశాను. కోస్తే తప్ప అందదని తెలిసినా నోరు రాలేదు. మూడో రోజు చెప్పాను. బాపు పీట మీద కూర్చుని ప్యాటర్న్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కోస్తె మళ్ళ అతకరాదు బిడ్డా. ఇసొంటిది ఇంకోటి లేదు. కొలత నీ దగ్గర మాత్రమే ఉంటది.”

తెలుసన్నాను. ఆయనే రంపం తీసుకుని, నేను గీసిన గీతల మీద, నాలుగు చోట్ల కోశాడు. పొట్టు ఆయన ధోవతి మీద రాలింది. అవ్వ బీడీలు ఆపి చూస్తూ ఉండిపోయింది. నేను తలుపు పక్క మేకు మీది స్కేలు తీసుకుని కొలవడం మొదలుపెట్టాను. కాలిపర్ కాళ్ళు కట్టెకు ఆనించి, ఆ ఎడాన్ని స్కేలు మీద పెట్టి చదవడం, అట్ట మీద రాయడం. రంపం తిన్న మందం కూడా కలిపాను. ఒక్కో కొలత మూడుసార్లు తీసుకున్నాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. ఎందుకు రాదు, మూడుసార్లూ స్కేలు అదే కదా. సార్ ఫోన్‌లో ఒక మాట గుర్తు చేశాడు. ముడుచుకునేదానికి ఎంత కలపాలో చూసుకో అని. ప్యాటర్న్‌లో బాపు ముందే కలిపాడు సార్, మళ్ళీ కలపొద్దు అన్నాను. అదీ నిజమే. ఇప్పుడు తలచుకుంటే ఆ మాట ఎంత గట్టిగా చెప్పానో నాకే భయమేస్తుంది. ముక్కలను అవ్వ నీళ్ళు కాచుకునే పొయ్యిలో పెట్టింది.

మోడల్ పన్నెండు రోజుల్లో చేశాను. ఆరు రెక్కల మీదా చారలు ఒక్కచోట కూడా విరగలేదు. సార్ దాన్ని హైదరాబాద్ పంపి కోయించాడు, ఫౌండ్రీలో పోత పోశారు. పంకాను లేత్ మిషన్ మీద పెట్టిన రోజు అందరం అక్కడే ఉన్నాం. సేటు, మధుకర్ సార్, బాపు, నేను, షెడ్డు నిండా పనివాళ్ళు. లేత్ ఆయన పంకా అంచు మీద టేపు పెట్టి చూశాడు, మళ్ళీ చూశాడు. పంపు లోపలి రింగు తెచ్చి తొడిగాడు. చుట్టూ సందు. లోపలి నుంచి వెలుతురు కనిపించింది. అంచు చెక్కడానికి కూడా ఇనుము లేదు, సూత్ కంటే ఎక్కువే తక్కువైందన్నాడు.

నేను సంచిలోంచి స్కేలు తీసి, ఆయన టేపు పక్కన పెట్టాను, నేనే సరిచూద్దామని. అడుగు దగ్గర నా గీత టేపు గీత కంటే ముందుకు పోయింది. ఒక సూత్. పెద్ద ప్యాటర్న్‌ను పొడుగు స్కేలుతో కొలిస్తే అంకె తక్కువ వచ్చింది, బాపు కలిపిందంతా నేను తీసేశాను. వెంటనే స్కేలు సంచిలో పెట్టేశాను. అందరూ రింగు వైపే చూస్తున్నారు. ఎవరూ చూడలేదనుకున్నాను. సేటు నా వైపు ఒకసారి, సార్ వైపు ఒకసారి చూసి, చివరికి బాపు వైపు తిరిగాడు.

“నర్సయ్యా, నువ్వు అతికినప్పుడు చిన్నగ గిట్ల అయ్యిందా? కట్టె నానినదాయె.”

నేను నోరు తెరవాలి. ఒక్క మాట చాలు. సార్ నా పక్కనే ఉన్నాడు, ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. పక్కన ఇంకో లేత్ తిరుగుతూనే ఉంది. సంచి మూతి గట్టిగా పట్టుకున్నాను. బాపు పంకా రెక్క మీద బొటనవేలు పెట్టి, మొదలు నుంచి కొస దాకా ఒకసారి జరిపాడు. ఎక్కడా ఆగలేదు.

“అయ్యింటది సేటూ. నా కండ్లు మునుపటి లెక్క లెవ్వు. పిల్ల పని సక్కగున్నది, సూడుండ్రి.”

షెడ్డులో ఒకరిద్దరు తలలు దించుకున్నారు. సేటు కోపం కూడా చెయ్యలేదు, అదే ఎక్కువ బాధ. ఇన్నేళ్ళు చేశావు, ఇక రెస్ట్ తీసుకో నర్సయ్యా అన్నాడు. సార్ నన్ను అడిగాడు, ఇప్పుడెట్లా అని. అడుగుకు ఒక సూత్ పెంచితే సరిపోతుంది సార్ అన్నాను. అంత కచ్చితంగా ఎట్లా తెలుసని అడిగితే, లెక్క కట్టిన అన్నాను. కంప్యూటర్‌లో అది ఒక్క నొక్కుడు. రెండో పంకా రింగులో సరిగ్గా కూర్చుంది. బాపు అతికిన ప్యాటర్న్ సరిగ్గా ఉంటే తప్ప అది అట్లా కూర్చోదు. ఆ సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు. నాట్లకు నీళ్ళు పారాయి. సార్ నన్ను పనిలో పెట్టుకున్నాడు. బాపును ఫౌండ్రీ వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఆయన పీటలు, రోకళ్ళు, చపాతీ కర్రలు చేసుకుంటూ ఉండిపోయాడు.

ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి, అప్పుడు నేను వాటిని చూసి కూడా చూడనట్టున్నాను. ఒకటి, ఆ పంకా చెడిన రోజే నేను బాపు కంటే ముందు ఇంటికి వచ్చి స్కేలు మేకుకు తగిలించి బస్సెక్కాను, మరుసటి ఆదివారం అక్కడ వేరే స్కేలు ఉంది, పెట్టెలో ఉండే సరైనది. దేనికో తీసి ఉంటాడనుకున్నాను, అడగలేదు. అడిగితే మాట ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఆ దసరాకు పనిముట్లు కడిగి పసుపు పెట్టినప్పుడు కూడా స్కేలు ఒక్కటే ఉంది. రెండోది, ఆదివారం నేను ఇంటికి పోతే బాపు గడప దగ్గర పీట వేసుకుని నా ఎదురుగా కూర్చునేవాడు. పని ఎట్లున్నది బిడ్డా అని అడిగేవాడు. మంచిగున్నది బాపు అనేదాన్ని. ఇంకా ఏదో వినబోతున్నట్టు కొంచెంసేపు ఉండి లేచిపోయేవాడు. కొన్ని నెలలకు ఆ పీట వేసుకోవడం మానేశాడు. నాకు తేలికైంది, అబద్ధం ఎందుకు.

పోయిన వారం రాగి తీగ చుట్టిన ఆ స్కేలు పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ చాటలో ఆకు కత్తిరిస్తోంది. ఈ తీగ ఎప్పుడు చుట్టాడని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది.

“గా పంకా చెడిపోయిన దినమే. ఇంటికొచ్చి కాళ్ళు గూడ కడుక్కోలే. పిల్ల ఇనుము స్కేలు వట్టుకపోయింది, నేను జూసుకోలే అన్నడు. ఇగ ఎవ్వలు తప్పు వట్టుకోవద్దని తీగ చుట్టిండు.”

“మరి నన్ను ఒక్క మాట అడగలేదేందే?”

అవ్వ కత్తెర ఆపింది.

“నువ్వే చెప్తవని జూసిండు. మస్తు దినాలు జూసిండు. తర్వాత జూసుడు బంద్ జేసిండు.”

అంతే. మళ్ళీ ఆకు అందుకుంది. నేను అక్కడే నిలబడి, తలుపు చెక్క మీద మా ఎత్తుల గీతలు చూశాను. పదేళ్ళప్పటిది, పన్నెండేళ్ళప్పటిది, పక్కన బాపు పెన్సిల్ అంకెలు. అన్నీ ఇనుము స్కేలుతో కొలిచినవే. ఆ అంకెల ప్రకారం మేము ఉన్నదానికంటే కొంచెం పొట్టి.

ఇప్పుడు మధుకర్ సార్ ఆఫీసులో కొత్తగా వచ్చేవాళ్ళకు నేనే నేర్పుతున్నాను. ఆయన నేర్పినట్టే, ఉన్న మోడల్‌ను మళ్ళీ చేయిస్తాను. ఈ సోమవారం కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిల ముందు రెండు స్కేళ్ళు పెట్టి, తేడా ఉందా చూడమన్నాను. విడివిడిగా చూసి లేదన్నారు. పక్కపక్కన పెట్టమన్నాను. అప్పుడు చూశారు. ఒకమ్మాయి, మేడం, ఈ తీగ ఎందుకని అడిగింది. ఆమెకు చెప్పాను. మొదటిసారి ఒకరికి చెప్పాను, సార్ పక్క గదిలో వింటుండగా. ఆయన బయటికి వచ్చి స్కేలు చేతిలోకి తీసుకుని చాలాసేపు తీగను చూశాడు.

సేటు ఇప్పుడు లేడు. ఆ రోజు షెడ్డులో తల దించుకున్నవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాశాను. నర్సయ్య చేసిన పంకా ప్యాటర్న్ పదహారు అంగుళాలకు, ఇనుము ముడుచుకునేదానికి కలపాల్సినంత కలిపి, సరిగ్గా ఉండింది. నానిన కట్టెను అతికినా సూత్‌లో సగం కూడా తేడా రాలేదు. ఆయన కన్ను బాగానే ఉంది, చెయ్యి బాగానే ఉంది. కొలిచింది నేను. తప్పు స్కేలుతో కొలిచాను. అది తెలిశాక కూడా స్కేలు సంచిలో పెట్టుకుని ఊరుకున్నాను.